మస్తూరీ దారిలో ఒక పాత బాకీ

ఢిల్లీలో కూర్చున్నవారికి బిలాస్‌పూర్ పేరు వినబడగానే గుర్తుకు వచ్చేది బొగ్గు. కోర్బా గనులు, ఆ గనుల బొగ్గును మోసే గూడ్సు బండ్లు, ఆ బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాలు - రాజధానిలో ఆ ప్రాంతం ప్రసక్తి వచ్చినప్పుడల్లా మాట ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. బిలాస్‌పూర్‌కు ఆగ్నేయంగా వున్న మస్తూరీ అనే చిన్న పట్టణం పేరు చెబితే, అదెక్కడ అని అడిగేవారే యెక్కువ. తెలిసినవారు, "సీపత్ పవర్ స్టేషన్ వున్న వైపే కదా" అంటారు. ఆ కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. మన దీపాలలో కొన్నింటి వెలుగు ఆ వైపు నుంచి వస్తున్నదన్నమాట. అయినా ఆ చోటు మీద మన చూపు పడదు.

ఇటీవల నాలుగు రోజులు సెలవు చూసుకొని నేను ఆ వైపు వెళ్ళాను. వెళ్ళినది బొగ్గు కోసం గాని, ఎన్నికల సరళి తెలుసుకొనడానికి గాని కాదు. చూడదగిన ప్రదేశాలు చూడడానికి. ఈ మాట చెప్పినప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన నవ్వారు.

"ఏటి బాబూ, ఢిల్లీ నుంచి ఇంత దూరం రాళ్ళు సూడ్డానికొచ్చినారా?"

భాష వినగానే పాఠకులు పోల్చుకొని వుంటారు. ఆయన మన శ్రీకాకుళం జిల్లా మనిషి. అయితే ఆయన పుట్టినది బిలాస్‌పూర్‌లోనే. ఆయన తండ్రి పుట్టినదీ అక్కడే. రైలు పట్టాల మీద గేంగు పనికి వచ్చినవాడు తాత. మనుమడు రైల్వేలో చేరి, ఫిట్టరుగా పదవీ విరమణ చేసి పాతికేళ్ళ పైనే అయింది. ఆయన ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల బజారులో ఛత్తీస్‌గఢీ నడుస్తాయి.

"పుట్టిన కాణ్ణించీ ఈ ఊళ్ళోనే వున్నాను. తిరుపతి ఆరుసార్లు ఎల్లినాను. సింహాచలానికి లెక్కే లేదు. ఆ మల్హార్ మాత్రం సూళ్ళేదు బాబూ," అన్నారు. మల్హార్ ఆయన ఇంటికి ముప్పైరెండు కిలోమీటర్ల దూరంలో వున్నది. "అయితే మీరూ రండి మాస్టారూ," అని ఆయననూ బండి యెక్కించాను.

వరి చేల మధ్య రాజధాని

బిలాస్‌పూర్ నుంచి రాయగఢ్ వైపు పోయే జాతీయ రహదారి మీద మస్తూరీ వస్తుంది. హౌరా-ముంబయి ప్రధాన రైలుమార్గం మీద దీనికి సమీపంగా వున్న స్టేషన్ జైరాంనగర్. మస్తూరీలో రహదారి విడిచి పక్కదారి పడితే పద్నాలుగు కిలోమీటర్లలో మల్హార్. దారికి రెండు వైపులా వరి చేలు. మన గోదావరి సీమను అన్నపూర్ణ అన్నట్లే ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా', అంటే ధాన్యపు గిన్నె, అని పిలుచుకుంటారు. చేల నడుమ గ్రామాలలో అక్కడక్కడ తెల్లని స్తంభాలు, వాటి మీద తెల్లని జెండాలు కనబడతాయి. అవి సత్నామీల జైత్‌ఖాంలు. 1756లో జన్మించిన గురు ఘాసీదాసు బోధనలను అనుసరించే ఈ ప్రజలు ఇక్కడ గణనీయమైన సంఖ్యలో వున్నారు. మస్తూరీ శాసనసభా స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినది.

ఆ తెల్లని స్తంభాలను కేవలం రాతికట్టడాలుగా చూచేవారు 2024 జూన్‌ను గుర్తు చేసుకోవాలి. గిరౌద్‌పురి సమీపంలో ఒక జైత్‌ఖాంను దుండగులు ధ్వంసం చేసిన ఉదంతంపై రగిలిన ఆగ్రహం జూన్ 10న బలౌదా బజారులో కట్టుదాటి, కలెక్టరు కార్యాలయమే తగలబడిపోయింది. ఆ హింసను సమర్థించనక్కరలేదు. కాని ఒక జనసమూహం తనదిగా భావించుకున్న చిహ్నానికీ, గజెట్‌లో మాత్రమే నమోదయిన చిహ్నానికీ గల తేడా అక్కడ తెలిసివస్తుంది. నేను చెప్పదలచిన విషయానికి ఈ తేడాయే మూలం.

మల్హార్ ఇప్పుడొక చిన్న పట్టణం. పూర్వం దాని పేరు మల్లాల. మట్టికోట గోడల ఆనవాళ్ళు, చుట్టూ కందకం ఇప్పటికీ గుర్తించవచ్చును. సాగర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. డి. బాజ్‌పాయ్ ఆధ్వర్యాన 1975 నుంచి 1978 వరకు ఇక్కడ తవ్వకాలు జరిగాయి. క్రీస్తుకు పూర్వం నుంచి కలచురి రాజుల కాలం వరకు మనుషులు యెడతెగకుండా నివసించిన స్థలమని తేలింది. శైవ, వైష్ణవ, బౌద్ధ, జైన శిల్పాలు పక్కపక్కనే బయటపడ్డాయి. బ్రాహ్మీలిపిలో లేఖనం వున్న ఒక చతుర్భుజ విష్ణు విగ్రహం ఇక్కడ లభించింది. దేశంలో దొరికిన అతి ప్రాచీన విష్ణుమూర్తులలో దానినొకటిగా పండితులు లెక్కిస్తారు.

మల్హార్‌లోని దేవూర్ ఆలయం దగ్గర పెద్దపెద్ద విగ్రహాల ముక్కలు పడివున్నాయి. ఊరివారు వాటిని భీముడు, కీచకుడు అని పిలుస్తారు. మహాభారతం తెలిసిన ప్రజలకు విరిగిన విగ్రహం దొరికితే అది కీచకుడు కాక మరెవరవుతాడు?

వలస వచ్చినవాని కొడుకు

మల్హార్‌లో తప్పక చూడవలసినది పాతాళేశ్వరాలయం. దీని అసలు పేరు కేదారేశ్వరాలయం. గర్భగృహం నేలమట్టానికి దిగువన వున్నది. మెట్లు దిగి వెళితే నల్లరాతి మీద శివుడు దర్శనమిస్తాడు. మా పెద్దాయన మోకాళ్ళు పట్టుకొని మెల్లగా దిగి దణ్ణం పెట్టుకొని వచ్చారు. బయట చెట్టు నీడన కూర్చున్నాక ఆ గుడి కథ ఆయనకు చెప్పాను.

కలచురి సంవత్సరం 919, అనగా క్రీ. శ. 1167-68 నాటి శాసనమొకటి ఈ ఆలయ నిర్మాణాన్ని గురించి చెబుతుంది. అప్పుడు రత్నపురం రాజధానిగా రెండవ జాజల్లదేవుడు రాజ్యమేలుతున్నాడు. గుడి కట్టించినవాడు సోమరాజు అనే బ్రాహ్మణుడు. ఈ సోమరాజు తండ్రి గంగాధరుడు మధ్యదేశం నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినవాడు. రాజు ఆదరించి గ్రామాన్ని దానమిచ్చాడు. కుటుంబం స్థిరపడింది. రెండవ తరంలో కొడుకు గుడి కట్టి, ఆ గుడి మీద తన తండ్రి పేరూ, తాత పేరూ చెక్కించాడు. ఎనిమిది వందల యాభై యేళ్ళ తరువాత, వలస వచ్చిన ఒక కుటుంబం పేరు మనకు తెలియడానికి ఆ రాయి కారణం.

పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మా తాత పేరు ఎక్కడుంటాది బాబూ?" అని అడిగారు.

నాకు జవాబు తోచలేదు. కంపెనీవారి మస్టర్ రోలులో, వేలిముద్ర పక్కన, ఒకప్పుడు వుండి వుండాలి. ఆ కాగితం ఇప్పుడు యే చెదలకు ఆహారమయిందో!

ఇక్కడ చరిత్రలోని మరొక చమత్కారం పాఠకులకు చెప్పాలి. ఈ కలచురి రాజుల శాసనాలు ఒక విజయాన్ని గురించి గర్వంగా చెప్పుకుంటాయి. జాజల్లదేవుని తాతల తరం వాడైన రెండవ రత్నదేవుడు, కళింగాధీశుడైన చోడగంగును ఓడించాడట. ఈ అనంతవర్మ చోడగంగు వంశానికి పాత రాజధాని కళింగనగరం, అంటే నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. ముఖలింగం నుంచి వచ్చిన రాజవంశానికి ఈ గడ్డ మీద ఓటమి యెదురయింది. ఆ సంగతి రాళ్ళ మీదికెక్కింది. ఆ తరువాత యెనిమిది శతాబ్దాలకు అదే శ్రీకాకుళం నుంచి పలుగూ పారా పట్టుకొని కూలీలు వచ్చారు. వారు యెవరి మీదా దండెత్తలేదు. ఓడిపోయి తిరిగి వెళ్ళనూ లేదు. నాలుగు తరాలుగా ఇక్కడే వున్నారు. వారిని గురించి ఒక్క అక్షరమూ యే రాయి మీదికీ యెక్కలేదు.

దేవత తిరిగి వచ్చిన కథ

మల్హార్‌లోనే డిడినేశ్వరీ దేవి ఆలయం వున్నది. నల్లరాతి విగ్రహం. తపస్సులో వున్నట్లు కూర్చున్న భంగిమ. నిగనిగలాడే నునుపు. కలచురుల కాలపు శిల్పులు రాతిని అద్దంగా మార్చగలిగారని చెప్పడానికి ఈ ఒక్క విగ్రహం చాలును. 1991లో దొంగలు దీనిని యెత్తుకుపోయారు. చివరకు ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురీ వద్ద దొరికింది. దొరికిన విగ్రహం యే మ్యూజియంలోనూ కాక తిరిగి తన గుడిలోనే కొలువు తీరింది.

ఇది యెందువల్ల సాధ్యమయింది? చేపలు పట్టి, పడవలు నడిపి బ్రతికే నిషాదులు, అనగా కేవట కులస్థులు, ఆమెను తమ ఇలవేల్పుగా కొలుస్తారు. బిలాస్‌పూర్ పేరే బిలాసా అనే కేవట స్త్రీ పేరు మీదుగా వచ్చిందని స్థానికుల విశ్వాసం. పోయినది పురావస్తువు మాత్రమే అయివుంటే అది ఒక ఫైలుగా మిగిలేది. పోయినది ఇలవేల్పు కనుక ఒక ప్రజ దాని కోసం యెదురుచూసింది.

ఈ ప్రాంతంలోనే మరొక ఉదాహరణ. చంద్రపూర్ సమీపాన కిరారీ గ్రామంలో 1921లో ఒక చెరువు యెండిపోయింది. అడుగున శతాబ్దాలుగా బురదలో కూరుకొనివున్న ఒక కొయ్య స్తంభం బయటపడింది. దాని మీద బ్రాహ్మీ అక్షరాలు. రాతి మీద శాసనాలు వేలకొలది వున్నవి గాని కొయ్య మీద చెక్కినది అపురూపం. అందులో నగరరక్షకుడు, సేనాపతి వంటి రాజోద్యోగుల పదవుల పేర్లున్నాయి. కాని యెండ తగిలేసరికి కొయ్య బీటలు వారి అక్షరాలు పెళ్ళలుగా రాలిపోసాగాయి. కలకత్తాకో నాగపూర్‌కో కబురు వెళ్ళి అధికారులు వచ్చేలోగా అంతా పోయేదే. ఆ ఊరి పండితుడు లక్ష్మీప్రసాద్ ఉపాధ్యాయ్ తనకు చదవరాని ఆ లిపిని, కంటికి కనబడినది కనబడినట్లు, కాగితం మీద గీసి వుంచాడు. ఈనాడు పండితులు చదువుకుంటున్నది చాలావరకు ఆయన గీసిన నకలునే. స్తంభంలో మిగిలిన భాగం రాయపూర్ మ్యూజియంలో వున్నది.

ఆ స్తంభం శాతవాహన యుగానిదని పండితుల అభిప్రాయం. మహానది ఒడ్డున బాల్పూర్‌లో దొరికిన ఒక రాగి నాణెం మీద ఆపీలకుడనే శాతవాహన రాజు పేరున్నది. కోటిలింగాలలోనూ ధాన్యకటకంలోనూ మనం మనవారని చెప్పుకునే శాతవాహనుల పేరు అన్నమాట, ఈ వరి చేలలోనూ వినబడుతున్నది. తెలుగు సంఘాలవారు పిల్లలకు శాతవాహనుల గురించి చెప్పాలంటే అమరావతి దాకా తీసుకుపోనక్కరలేదు.

చూడదగినవి ఇంతటితో అయిపోలేదు. బిలాస్‌పూర్‌కు ఉత్తరంగా పాతిక కిలోమీటర్లలో కలచురుల రాజధాని రత్నపురం, అక్కడి మహామాయ ఆలయం వున్నాయి. 1741లో మరాఠా సేనలు వచ్చేవరకు ఆ ఊరే ఈ సీమకు రాజధాని. సీపత్ వైపు లూత్రా షరీఫ్ దర్గాకు హిందువులూ ముస్లిములూ కలిసి వెళతారు. రాయపూర్ వైపు మనియారీ నది ఒడ్డున తాలా గ్రామంలో రెండు పాత గుళ్ళున్నాయి. వాటి పేరు 'దేవరానీ-జెఠానీ'. మన భాషలో తోడికోడళ్ళ గుళ్ళు. 1988లో అక్కడ బయటపడిన 'రుద్రశివ' విగ్రహం వంటిది దేశంలో మరొకటి కనబడదు. తొమ్మిదడుగుల ఆ మూర్తికి ముక్కు బల్లి, మీసాలు చేపలు, గడ్డం యెండ్రకాయ, చెవులు నెమళ్ళు. అది యే దేవుడని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. మా పెద్దాయన మాత్రం, "ఇదేటి బాబూ, జంతువులన్నీ కలిసి దేవుణ్ణి సేసీసినాయి!" అని తేల్చివేశారు.

ఢిల్లీ లెక్కలు

ఇక ఢిల్లీ సంగతి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద కేంద్రప్రభుత్వ రక్షణలో వున్న కట్టడాలు 3,600కి పైగా వున్నాయి. 2010లో చట్టాన్ని సవరించి, కట్టడం చుట్టూ నూరు మీటర్ల లోపల నిర్మాణాలను నిషేధించారు. కాగితం మీద ఇంతకన్న గట్టి కాపలా వుండదు. కాని 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ సిబ్బంది 1,655 కట్టడాల దగ్గరకు స్వయంగా వెళ్ళి చూస్తే, వాటిలో 92 అసలు కనబడలేదు! కట్టడమంటే జేబుగుడ్డ కాదు గదా, యెక్కడో జారిపోవడానికి.

తరువాత వెతికి కొన్నింటి జాడ తీశారు. 2022 డిసెంబరులో పార్లమెంటు స్థాయీసంఘానికి చెప్పిన లెక్క ప్రకారం యాభై కట్టడాలు లేకుండా పోయాయి. పద్నాలుగింటిని పట్టణాల పెరుగుదల మింగివేసింది. పన్నెండు జలాశయాలలో మునిగిపోయాయి. ఇరవైనాలుగింటి జాడ యెవరికీ తెలియదు. అదే సంఘం ముందు ప్రభుత్వం చెప్పిన మరొక అంకె: భద్రతా సిబ్బందిని నియమించినది 248 చోట్ల మాత్రమే. 2024లో పద్దెనిమిది కట్టడాలను జాబితా నుంచే తొలగించారు. జాడ తెలియనివాటి విషయంలో ఇంతకన్న తేలిక పరిష్కారం వుండదు.

నీటిలో మునిగే చరిత్ర గురించి తెలుగువారికి యెవరూ చెప్పనక్కరలేదు. నాగార్జునసాగర్ కింద నాగార్జునకొండ లోయ మునిగినప్పుడు 1954 నుంచి 1960 వరకు తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అక్కడ అడిగినవారు, ఆందోళన పడినవారు వున్నారు గనుక అంతమాత్రమైనా జరిగింది. అడిగేవారు లేనిచోట జలాశయం జలాశయమే, జాబితా జాబితాయే.

ఒక ఇంగ్లీషు జిల్లా పాఠం

కొన్నేళ్ళ క్రితం ఇంగ్లండులో విల్ట్‌షైర్ అనే కౌంటీలో మూడు రోజులు గడిపే అవకాశం నాకు కలిగింది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అందులో సందర్శకులు చూడవలసినవాటిని చెప్పే పటం రైల్వే స్టేషన్‌లోనే దొరికింది. మొదటిది స్టోన్‌హెంజ్. నాలుగున్నర వేల యేళ్ళ నాటి పెద్దరాళ్ళు. రెండవది సాల్స్‌బరీ కెథెడ్రల్. 1215 నాటి మాగ్నాకార్టా ప్రతులలో నేటికి మిగిలిన నాలుగింటిలో ఒకటి అక్కడే వున్నది.

స్టోన్‌హెంజ్ ఒకప్పుడు ప్రైవేటు ఆస్తి. 1915లో వేలానికి వస్తే సెసిల్ చబ్ అనే ఆ ప్రాంతపు మనిషి 6,600 పౌండ్లకు పాడుకున్నాడు. మూడేళ్ళకు దానిని జాతికి దానమిచ్చివేశాడు. ప్రవేశ రుసుము ఒక షిల్లింగుకు మించరాదని షరతు పెట్టాడు. ఆ షరతు కాలంతో పాటు కరిగిపోయి, ఇప్పుడక్కడ టిక్కెట్టు ఖరీదు మనబోటివారిని ఆలోచనలో పడేస్తుంది. అయినా ఆ రాళ్ళ గురించి అక్కడి ప్రజలు నిద్రపోలేదు. పక్కనుంచి పోయే రహదారికి సొరంగం వేయాలన్న పథకం మీద యేళ్ళ తరబడి కోర్టులలోనూ పత్రికలలోనూ పోట్లాడారు. చివరకు ఖర్చు భరించలేమంటూ 2024లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకొన్నది.

నన్ను ఆకట్టుకొన్నది మాత్రం ఆ పటంలోని మరొక చుక్క. ఆ కౌంటీలో స్విండన్ అనే పట్టణం వున్నది. అది అక్షరాలా రైల్వే పట్టణం. గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపు అక్కడ 1843లో పని ప్రారంభించింది, 1986లో మూతపడింది. ఆ పాత షెడ్డులోనే 2000లో మ్యూజియం తెరిచారు. అందులో ఇంజన్లు వున్నవి, నిజమే. వాటితోపాటు ఇంజన్లు చేసిన మనుషులూ వున్నారు. రివెట్లు కొట్టినవారు, పోతపోసినవారు, కుట్టుపని చేసిన ఆడవారు, వారి పనిముట్లు, వారి గొంతులు. దగ్గరలోనే కార్మికుల కోసం కట్టిన రాతి ఇళ్ళను భద్రపరిచారు. రాజుల మాగ్నాకార్టాతో పాటు ఫిట్టరు సుత్తి కూడా ఆ జిల్లా చూడదగిన వస్తువుల పట్టికలో చేరింది.

బిలాస్‌పూర్‌కూ విల్ట్‌షైర్‌కూ సంపదలో పోలిక లేదు. చరిత్రలో మాత్రం వున్నది. అక్కడ స్టోన్‌హెంజ్, స్విండన్. ఇక్కడ మల్హార్, రైల్వే కాలనీ. అక్కడి ప్రజలు రెండింటినీ తమవనుకున్నారు. ఇక్కడ మొదటిదానికి దిక్కు కేవటలు. రెండవదానికి దిక్కెవరు?

పట్టాలు వేసినవారు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో యేర్పడింది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా ప్రధాన మార్గం పూర్తయింది. 1902లో తూర్పుకోస్తా మార్గంలో ఉత్తర భాగం ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931 నాటికి రాయపూర్-విజయనగరం మార్గం తయారయింది. పటం మీద ఈ మూడింటినీ కలిపి చూడండి. ఖర్గపూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్‌లలో తెలుగు వినబడడానికి కారణం బోధపడుతుంది. ఒకే కంపెనీ. ఇటు కరవులూ అప్పులూ మిగిలిన ఉత్తరాంధ్ర పల్లెలు, అటు చేతులు కావలసిన పట్టాలు. గేంగుమన్, ఖలాసీ, ఫిట్టరు, ఫైర్‌మన్ - ఉద్యోగాల పేర్లే ఇంటిపేర్లయిన కుటుంబాలు ఎన్నో.

2003 వరకు వాల్తేరూ బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ కలకత్తా కేంద్రంగా గల ఆగ్నేయ రైల్వేలోనివే. జోను కోసం బిలాస్‌పూర్ ప్రజలు 1996లో తీవ్రంగా ఆందోళన చేశారు. 2003లో జోను సాధించుకున్నారు. వాల్తేరు అప్పుడే భువనేశ్వర్ కేంద్రంగా గల జోనులోకి వెళ్ళింది. విశాఖకు జోను ప్రకటించడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది. ఈ విభజనలో రెండు ఊళ్ళ తెలుగు కుటుంబాల మధ్య బదిలీల దారి మూసుకుపోయిన సంగతి యే పత్రికలోనూ ప్రముఖంగా రాలేదు. ఇప్పుడా పాత బంధానికి మిగిలినవి విశాఖకూ తిరుపతికీ పోయే రైళ్ళు.

బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఒక చూడదగిన వస్తువు వున్నది. రవీంద్రనాథ ఠాకూరు 1918లో ప్రచురించిన 'ఫాంకి' అనే కవితను అక్కడ ప్రదర్శించారు. ఆ కవిత కథ ఈ స్టేషన్‌లోనే జరుగుతుంది. జబ్బుపడిన భార్యతో ఒక భర్త ఇక్కడ బండి మారడానికి ఆగుతాడు. ఆ భార్యకు రైల్వే కూలీ పెళ్ళాం ఒకతె పరిచయమవుతుంది. ఆమె కూతురి పెళ్ళికి పాతిక రూపాయలివ్వమని భార్య కోరుతుంది. సరేనన్న భర్త చాటుగా రెండు రూపాయలిచ్చి, బెదిరించి పంపివేస్తాడు. భార్య చనిపోయిన తరువాత, ఆ మోసం మనసును తొలిచివేస్తుంటే, బాకీ తీర్చడానికి తిరిగి బిలాస్‌పూర్ వస్తాడు. ఆ కూలీ కుటుంబం యెక్కడికి వెళ్ళిందో స్టేషన్‌లో యెవరికీ సరిగా తెలియదు. బాకీ తీరకుండానే మిగిలిపోతుంది.

మల్హార్ నుంచి తిరిగి వచ్చిన సాయంకాలం ఆ కథ నేను మా పెద్దాయనకు చెప్పాను. యెన్నో యేళ్ళు ఆ ప్లాట్‌ఫారం మీదుగా డ్యూటీకి నడిచినా, ఆ పలక మీద యేమి రాసివున్నదో ఆయన యెన్నడూ చదవలేదట. "అయితే మనలాటోళ్ళ కతే," అన్నారు.

ఆ బాకీ ఇంకా తీర్చగలిగిన స్థితిలోనే వున్నది. కిరారీ పండితునికి యే శాఖా జీతమివ్వలేదు, కాగితమూ కలమూ తీసుకొని కూర్చున్నాడు, అంతే. బిలాస్‌పూర్ తెలుగువారిలో గేంగుమన్ల మనుమలు, మనుమరాండ్రు ఇంకా వున్నారు. వారి జ్ఞాపకాలున్నాయి. ట్రంకుపెట్టెల అడుగున పాత పాసులు, సర్వీసు పుస్తకాలు వుండి వుంటాయి. ఆగ్నేయ మధ్య రైల్వేవారు వీటికి ఒక గది ఇవ్వగలరు. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు ఒక్కొక్క పరిశోధకుణ్ణి పంపగలవు. ఉగాదికి నాటకాలు వేసే తెలుగు సంఘాలు ఆ యేడాది ఒక్క ఆదివారం పిల్లలను మల్హార్‌కు, తాలాకు తీసుకువెళ్ళగలవు. అలాగే ఢిల్లీలోని పురావస్తు శాఖవారు మల్హార్ శిల్పాలకు సరయిన ప్రదర్శనశాలను, కాపలాను, యే విగ్రహం యే కాలానిదో సందర్శకునికి తెలిసే ఫలకాలను సమకూర్చడం వారి ధర్మం. వారు చేసేవరకు అడగడం మన ధర్మం.

బయలుదేరే ముందు పెద్దాయనను ఆయన తాతగారి పేరు, ఊరి పేరు అడిగాను. ఆయన గడగడ చెప్పారు. వరండాలో కూర్చున్న మనుమణ్ణి పిలిచి, "బాబుగారికి రాసియ్యరా," అన్నారు. కుర్రవాడు శ్రద్ధగా రాసి కాగితం నా చేతికిచ్చాడు. పేరు, ఇంటిపేరు, శ్రీకాకుళం జిల్లాలోని ఊరు, అన్నీ సరిగానే వున్నాయి. అన్నీ నాగరి లిపిలో వున్నాయి.